అంచు దగ్గర దిగే వరుస

మా కంప్యూటర్ మేడం పోయారని సోమవారం పొద్దున కోదాడ నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. సూర్యాపేటలో మాకు కంప్యూటర్ నేర్పి, మమ్మల్నే వెంటబెట్టుకొని మిర్యాలగూడ రైసుమిల్లుకు తూకం చీటీల ప్రోగ్రాం రాసిన మనిషి. ఫోన్ పెట్టేసి కోదాడ బయల్దేరాను.

ప్రోగ్రాం మార్చినప్పుడల్లా ఏం మార్చామో, ఎందుకో నాలుగు మాటలు రాస్తే తప్ప మా కంప్యూటర్ ఆ మార్పును దాచుకునేది కాదు. మేమేమో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగును ఒకే వరుసలో గూడ్సుబండిలా లాగేవాళ్ళం. అచ్చు తీస్తే సగం మాటలు కాగితం అంచు దాటి, అచ్చులో పడకుండా పోయేవి. మేడం తిట్టలేదు. ఆ నాలుగు మాటలు రాసేచోట మాత్రం, వరుస అంచుదాకా రాగానే దానంతటదే కిందికి దిగేలా, మేం టైపు చేసే ఎడిటర్‌ను సర్దారు.

"ప్రోగ్రాం మిషను చదువుకుంటుంది. ఇది మాత్రం మనిషి చదవాలమ్మా" అనేవారు. మిల్లు పనికి ఇంత చాదస్తమా అని మేం చాటుగా నవ్వుకున్నాం.

ఒక ఎండాకాలం వడ్ల ట్రాక్టర్లు గేటు బయటిదాకా నిలిచాయి. మాడుగులపల్లి రైతు ఒకాయన చీటీ పట్టుకొని లోపలికొచ్చాడు.

"గిదేం కోత మేడం? ఎండబెట్టి తెచ్చినా తేమ అని తూకంల తీస్తరా? జర సూడుండ్రి, మా పొట్ట కొట్టకుండ్రి."

"మిషను తప్పు చెప్తదా?" అని ఓనరు కసిరాడు. మేడం రైతును కూర్చోబెట్టి, మార్పుల కాగితాలు అచ్చు తీయించి చదవసాగారు. ఒకచోట ఆగి పైకి చదివారు: "తేమ కోత పెంచినం. వానకు తడిసిన వడ్లు వస్తున్నయి. ఎండలు రాంగనే తీసెయ్యాలె." అది రాసింది మాలో ఒకతనే, అప్పటికే ఉద్యోగం మానేసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. తీసెయ్యాలన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆ మాట కింది వరుసలో ఉంది. పాత పద్ధతిలో అయితే అంచు దాటిపోయేదే.

ఆ పూటే కోత తీసేసి, అందరి చీటీలూ మళ్ళీ కొట్టించారు. రైతు కొత్త చీటీని కళ్ళకద్దుకున్నాడు. ఊళ్ళో లేని ఆ మనిషిని మేడం పిలిచి మాట్లాడించారు కదా అనిపించింది నాకు.

ఆవిడను సాగనంపి వచ్చిన మర్నాడు, నేనింకా పనిచేస్తున్న ఆ మిల్లులో ప్రోగ్రాంకు చిన్న మార్పొకటి చేసి, ఎందుకో రాయడం మొదలుపెట్టాను. కళ్ళు మసకబారి అక్షరాలు కనిపించలేదు, రాస్తూనే పోయాను. తుడుచుకొని చూస్తే, వరుస అంచుదాకా పోయి, నేనేమీ నొక్కకుండానే కిందికి దిగి ఉంది.