పోలీసు వరసలో గోడ

సినిమావాళ్ళందరూ అతన్ని గోడ అంటారు. ఎత్తుకి ఎత్తు, లావుకి లావు, దానికి తోడు గుబురు మీసం. జనంలో నిలబడే వేషాలు మొదలుపెట్టినప్పటినుంచీ ఒంటిమీదికి పోలీసు యూనిఫామే వచ్చింది తప్ప, ఒక్కసారైనా పెళ్ళివారి వేషం రాలేదు. షూటింగు లేనప్పుడు ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలు మోస్తాడు. "బీరువా బరువే గానీ తిట్టదు కదా" అని నవ్వుతుంటాడు.

ఈసారి మాత్రం నవ్వలేదు. తీస్తున్నది వాళ్ళ ఊరి మిల్లు తిరుగుబాటు కథ. గెలిచింది కాదు, ఓడిపోయింది. వాళ్ళ నాన్న అందులో ముందు వరసలో నడిచాడు. గేటు దగ్గర పడ్డ లాఠీ దెబ్బకి కుడిచెయ్యి విరిగి, మళ్ళీ మూటలెత్తలేక, కొన్నేళ్ళకి ఆ దిగులుతోనే పోయాడు. అందుకని ఒకే ఒక్కసారి కార్మికుల వైపు నిలబడాలని గోడ కోరిక. నాన్న నిలబడ్డచోటే నిలబడతాను, వచ్చి చూడు అని అమ్మకి మాట కూడా ఇచ్చేశాడు.

జనాన్ని కుదిర్చే ఏజెంటు చుట్టూ కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగాడు. చివరికి అతను దర్శకుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. దర్శకుడు చెడ్డవాడేం కాదు పాపం. తిరుగుబాటులో అన్ని రకాల మనుషులూ కనబడాలని పట్టుబట్టి ముసలివాళ్ళని, ఆడవాళ్ళని, కర్ర సాయంతో నడిచేవాళ్ళని ఏరి మరీ తెచ్చుకున్నాడు. గోడని మాత్రం కిందనుంచి పైదాకా చూసి పెదవి విరిచాడు.

"కడుపు మాడినవాడిలా లేవయ్యా నువ్వు."

"మా నాన్న నాకన్నా లావుండేవాడు సార్."

"ఉండొచ్చు. చూసేవాళ్ళు నమ్మాలి కదా."

గోడ పళ్ళు నూరుకుంటూ వెళ్ళి యూనిఫాం తొడుక్కున్నాడు. గేటు దగ్గర గొడవ తీసే రోజున అమ్మ రానే వచ్చింది. కొడుకుని ఆ బట్టల్లో చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే గోడకి ముల్లులా గుచ్చుకుంది.

టీ విరామంలో ఆమె కుర్చీ పక్కన చతికిలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా. నాన్నని కొట్టినవాళ్ళ బట్టలు వేసుకుని నీ ముందు నిలబడ్డాను. సిగ్గుగా ఉంది."

"ఆ బట్టలు మనింట్లో దండెం మీద ఆరేవిరా" అంది అమ్మ. "మీ నాన్న చెయ్యి విరగ్గొట్టింది మీ మావయ్యే."

"మావయ్యా?" అన్నాడు గోడ. ఆయన పోలీసని తెలుసు గానీ, ఆ రోజు గేటు దగ్గర ఉన్నాడని ఎప్పుడూ వినలేదు. నాన్న పోయాక వాళ్ళింటికే వచ్చేసి, తనని కన్నకొడుకులా పెంచింది మావయ్య. సైకిలు నేర్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆయనే.

"కొత్త ఉద్యోగం. పైవాడు వెనక నిలబడి కొట్టమన్నాడు. ఎదురుగా ఉన్నది బావేనని తెలుసు. ఏడుస్తూనే కొట్టాడు, నా కళ్ళతో చూశాను."

"నాన్న ఏమన్నాడు?"

"కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఒకరోజు వాడొచ్చి గుమ్మంలో నిలబడితే, లోపలికి రారా అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం కోపం పోలేదు. వాడు పోయినా పోలేదు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు వాడి చేతి ముద్ద తినేవాడివా? నిన్నెవరు పెంచేవాళ్ళు?"

అంతలో ఏజెంటు పరిగెత్తుకొచ్చాడు. కార్మికుల వేషం వేసినవాళ్ళలో ఒకడు ఎండకి కళ్ళు తిరిగి పడిపోయాడట. ఆ చోట్లో నిన్ను నిలబెట్టడానికి దర్శకుడు సరేనన్నాడు, గబగబా బట్టలు మార్చుకో అన్నాడు ఏజెంటు. గోడ లేచి, అమ్మ మొహం చూశాడు. నేను పోలీసుల వైపే ఉంటానన్నాడు.

"ఇన్నాళ్ళూ నా ప్రాణం తీసింది దీనికేనా?" అని తిట్టుకుంటూ ఏజెంటు వేరేవాణ్ణి వెతుక్కున్నాడు.

కెమెరా తిరిగింది. గోడ లాఠీ ఎత్తి, ఎదుటి నటుడి భుజం మీద చెప్పినట్టే దించాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఆపుకుందామన్నా ఆగలేదు.

"కట్. ఏడ్చే పోలీసు ఎక్కడైనా ఉంటాడా?" అని విసుక్కున్నాడు దర్శకుడు. "అతన్ని వెనక్కి పంపండి."

గోడ వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాడు. అమ్మ కుర్చీలోంచి లేచి, అతను కనబడేచోటికి నడిచి వెళ్ళింది.