రుజువు కాని మేలు

మా మేనత్త గత గురువారం తెల్లవారుజామున, ఇంకా మగ్గాలు వేయకముందే, నగరిలో తన ఇంట్లో చనిపోయింది. కొంతకాలంగా ఆయాసంతో ఉంది. ఉగాదికి రెండు వారాలు కూడా లేవు. ఆమె కొడుకు, నాకు బావ, ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు: "అమ్మ పోయిందప్పా." నేను తిరుపతిలో బయల్దేరి పుత్తూరు దాటేసరికి ఎండ వచ్చింది.

గడిచిన ఏడాదిలో మీరు సాధించిందేమిటి, అందుకు ఎవరికి కృతజ్ఞతలు చెబుతారు అని ఉగాది పేజీ కోసం ఈ పత్రికవాళ్లు నన్ను ముందే అడిగి ఉన్నారు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. అత్త ప్రతి ఏడాదీ అడిగేది, పత్రిక కంటే కటువుగా అడిగేది. అందుకే నా సంగతి పక్కన పెట్టి ఆమె సంగతి రాస్తున్నాను.

అమావాస్యకు మా నేతవాళ్లు మగ్గం వేయరు. ఉగాదికి ముందురోజు ఎలాగూ అమావాస్యే. ఏడాదంతా మరమగ్గాల మోతలో అరుచుకుంటూ మాట్లాడుకునే వీధిలో ఆ రోజు పక్కింటి చెంబు కింద పడినా వినిపిస్తుంది. మగ్గాలకు పట్టిన దూది దులిపి, నూనె వేసి, అత్త మమ్మల్ని షెడ్డులోనే కింద కూర్చోబెట్టేది. "ఈ ఏడు నీకు జరిగిన మంచి ఒకటి సెప్పు. అది ఎవురివల్ల జరిగిందో సెప్పు." అంతే ప్రశ్న. జవాబును మాత్రం ఆమె ఒక పట్టాన నమ్మేది కాదు.

మా పేపర్లో నన్ను జిల్లా ఇన్‌చార్జిని చేసిన ఏడాది, "స్వామి దయ అత్తా" అన్నాను. తిరుపతిలో ఉండేవాడికి ఆ మాట నోటి చివరే ఉంటుంది.

"స్వామి పేరు సెప్పి మనిషిని తప్పించుకోవద్దు. ఎవురో సెప్పు."

"నేనే కష్టపడినాను."

"మీ ఆఫీసులో తక్కినోళ్లంతా పండుకోనుండారా?"

బావ నవ్వాడు. "నువ్వు నవ్వొద్దు, తర్వాత వంతు నీదే" అంది.

మర్నాడు ఆలోచించి, చిత్తూరు డెస్కులో రిటైరైన ఒక సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేశాను. రిటైరయ్యేముందు ఇన్‌చార్జిగా నా పేరు చెప్పింది మీరేనా అని అడిగాను. ఆయన, "నీకెట్ల తెలిసింది?" అన్నాడు. ఆ రోజు నుంచి అత్త ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఆమె అనుమానం మగ్గం నేర్పిందే. అడ్డంగా పోయే పేక తెగితే మగ్గం ఆగిపోతుంది. పొడుగున ఉండే పడుగులో ఒక పోగు తెగితే మాత్రం అక్కడి పాత మగ్గాలు ఆగవు. ఆడుతూనే ఉంటాయి, గుడ్డలో చార పడుతూనే ఉంటుంది. అందుకే ఆమె ఆగిన మగ్గం దగ్గరికి నెమ్మదిగా వెళ్లేది, బాగా ఆడుతున్న మగ్గం దగ్గర ఎక్కువసేపు నిలబడేది. "బాగా ఆడేదాన్నే అనుమానించాల" అనేది. మనుషుల మంచిరోజుల గురించి కూడా అదే అనేది.

కిందటి ఉగాది ముందురోజు బావ భార్య, నేను అక్కా అని పిలుస్తాను, ఆ ప్రశ్నను వెనక్కి తిప్పింది. "అందర్నీ అడగతావే అత్తా, ఈసారి నువ్వు సెప్పు."

అత్త లేచి వెళ్లిపోతుందనుకున్నాం. వెళ్లలేదు. షెడ్డు మధ్య గోడ వైపు చూస్తూ, మేమెవరం వినని సంగతి చెప్పింది.

ఒకప్పుడు అది ఒకటే షెడ్డు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు మధ్యలో గోడ లేచింది. గోడ తమవైపు జరిగిందని ఇటువాళ్లూ, కాదు తమవైపే జరిగిందని అటువాళ్లూ అన్నారు. అప్పటి నుంచి అత్తకూ, అవతలి ఇంటి పెద్ద తోడికోడలికీ మాటల్లేవు. తర్వాత మామ పోయాడు. నూలిచ్చేవాళ్లు ఆడమనిషి నడుపుతుందా అని వెనక్కి తగ్గారు. మగ్గాలు అమ్మేద్దామనుకుంటున్న వారంలో చిత్తూరు షావుకారు ఒకాయన తనంతట తనే వచ్చి, నూలు దించి, నేసి పెట్టమన్నాడు. ఎవరు పంపారని అడిగితే, "స్వామి పంపినాడనుకో తల్లీ" అన్నాడు.

"స్వామికి నా గడప తెలిసుంటే మా ఆయన బతికుండగానే వచ్చుండాల గదా" అంది అత్త మాతో. ఆమె అప్పుడే ఇంకొకటి గమనించింది. ఇటువైపు మగ్గాలు ఆడడం మొదలైన రోజుల్లోనే గోడ అవతల రెండు మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఆ షావుకారు అంతకుముందు నూలు ఇచ్చేది ఆ ఇంటికే.

"ఆయమ్మే తన పని కొంత నాకు ఇడిసిపెట్టి ఉంటాదని నా అనుమానం. ఊరికే అనుకోని పోయి దండం పెడితే, కాకపోతే? నగతాది. అవునైతే? ఇన్నేండ్లు తిని గమ్మునుండానంటాది." నా వైపు తిరిగింది. "నువ్వు పేపరోడివి గదా. కనుక్కో. ఎవురిదో తెలీకుండా ఆ మేలు నాతో ఎత్తుకోని పోలేను."

కనుక్కోవడానికి చిత్తూరు వెళ్లాను. షావుకారు అప్పటికే పోయాడు. ఆయన కొడుకు, "మా నాయన ఒకరు సెప్తే ఇనే రకం కాదన్నా. నేత సూసి ఇచ్చుంటాడు" అన్నాడు. పాత గుమాస్తా మాత్రం, నగరి నుంచి ఒక ఆడమనిషి వచ్చి షావుకారుతో మాట్లాడి వెళ్లిందని చెప్పాడు. మొహం గుర్తులేదు, పేరు తెలియదు. మా వృత్తిలో దాన్ని నిర్ధారణ అనరు. అత్తకు అదే చెప్పి, తోడికోడలినే నేరుగా అడుగుతానన్నాను.

"అడగొద్దు. చేసుంటే కాదంటాది. చేయకుంటే అవునంటాది. ఇంక యాడ తేలతాది?"

ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా ఆమె చూపు ఏమైనా తెలిసిందా అని అడిగేది. తెలియలేదు. చలికాలంలో ఆయాసం ఎక్కువై మంచం మీదకు చేరాక, గోడవైపు తల పెట్టి పడుకునేది. అవతలి మగ్గాల చప్పుడు ఎక్కువని బావ మంచం జరపబోతే ఒప్పుకోలేదు.

గురువారం నేను చేరేసరికి ఆ తోడికోడలు శవం తల దగ్గర కూర్చుని ఉంది. కబురు పంపకముందే వచ్చిందట. ఏడవలేదు. మగవాళ్లం శ్మశానం నుంచి తిరిగి వచ్చాక కూడా అరుగు మీదే ఉంది. అడగవద్దన్న మనిషి ఇక లేదు. పక్కన కూర్చుని అడిగాను.

"పెద్దత్తా, అప్పట్లో చిత్తూరు షావుకారును ఈ ఇంటికి పంపింది నువ్వేనా?"

"ఎవురు సెప్పినారు?"

"ఎవరూ సెప్పలేదు. అత్తకు అనుమానం."

"దానికి అన్నీ అనుమానమే. పెండ్లికి మేం పెట్టిన చీర పట్టా కాదా అని పోగు లాగి కాల్చి సూసిన మనిషి."

"పంపినావా, లేదా?"

"నేనెందుకు పంపుతాను? నాకేం పని లేదా?" కొంగు దులుపుకుని లేచింది. మెట్టు దిగినాక ఆగింది. "అది ఎప్పుడనింది ఆ మాట?"

"పోయిన ఉగాదికి."

"ఏడాది నుంచీ అనుకుంటానే ఉండిందా? ఒక్కసారి రాలేకపోయిందా?" అంది. జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

నా చేతిలో ఉన్నది మొహం గుర్తులేని గుమాస్తా మాట ఒకటి, కాదన్న జవాబు ఒకటి, ఆ వెనకాల వచ్చిన ప్రశ్న ఒకటి. అత్త లెక్కలో కాదంటే అవుననే. నా లెక్కలో కాదంటే కాదనే రాయాలి. అలాగే రాస్తున్నాను: ఆ మేలు ఎవరు చేశారో ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. అత్తకు సాయం చేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే, ఇది చదువుతుంటే, వాళ్లూ కాదనే అంటారేమో.

ఈ మాటే బావతో అంటే నన్ను వింతగా చూశాడు. "నువ్వు రాసేదానికి రుజువు కావాల. నేను దండం పెట్టేదానికి ఎందుకప్పా?" అన్నాడు.

రెండిళ్లూ పాలోళ్లు, అంటే దాయాదులు, కావడంతో మైల అటూ ఇటూ ఉంది. ఇప్పుడు రెండువైపులా మగ్గాలు వేయడం లేదు. పెద్దకర్మ వచ్చే ఆదివారం. ఈసారి రెండిళ్లకూ పండగ లేదు, ఏ గుమ్మానికీ మామిడాకులు కట్టరు. ఉగాది రోజు పొద్దున బావా, అక్కా అవతలి ఇంటికి వెళ్తామని కబురు పంపారు. "రమ్మను. ఎండెక్కకముందే రావాల. ఆ నూలు మాట ఎత్తితే మాత్రం తలుపేసుకుంటా" అని పెద్దత్త తిరుగు కబురు పంపింది. ఏడు గంటలకు వెళ్లాలని నిర్ణయించారు. ఆ మాట ఎత్తకుండా దండం ఎట్లా పెట్టాలో అక్క ఇంకా ఆలోచిస్తోంది.