కొంగు లేని నీడ

సర్వకృపానిధియైన దేవునికి స్తోత్రం. తప్పు చేసినవాణ్ణి తోసివేయక, ఇంకా తన సన్నిధిలో నిలబడనిస్తున్నందుకు ఆయన నామానికి మహిమ కలుగును గాక.

అమ్మ ఖాజాగూడలో మట్టి తట్టలు మోసిన రోజుల ఫొటో ఒకటి మా ఇంట్లో ఉండేది. ఆమె ఒడిలో నేను నెలల పిల్లవాణ్ణి. వెనక బండరాళ్ళు, నీలం పట్టా కప్పిన గుడిసె, మా వెనకే నిలబడ్డ పక్క గుడిసె అత్త. ఆమె మాకు చుట్టం కాదు. నాకు కామెర్లు వస్తే దవాఖానకు ఎత్తుకుని పరుగెత్తిన మనిషి. ఆమె వయసులో ఉన్నప్పటి ఫొటో అదొక్కటే. క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాన్ని చేతిలోకి తీసుకుని తనను తాను చూసుకునేది.

గోపన్‌పల్లిలో మా కొత్త మందిరానికి తల్లీబిడ్డల బొమ్మ వేయమని సంఘపెద్దలు అడిగారు. చూసి గీద్దామని ఆ ఫొటోను గోడ మీంచి తీశాను. అత్త నుదుట పెద్ద బొట్టు. మందిరంలో ఆమె ఎందుకులే అనుకున్నాను. నేను బోర్డులు రాయడం నేర్చిన చోట ఒక అలవాటు ఉండేది. గీయాల్సిన మనిషి అంచు తేటగా కనబడాలని చుట్టూ ఫొటో మీదే తెల్లరంగు పూసేవాళ్ళం. అలాగే పూశాను. రాళ్ళు పోయాయి, గుడిసె పోయింది, అత్త పోయింది. బొమ్మలో వాటి చోట లిల్లీపూలు వేశాను.

మందిరం తెరిచిన ఆదివారం అమ్మ మియాపూర్ నుంచి అత్తను పిలిపించింది. అత్త నేను వేసిన బొమ్మను ఆ చివర నుంచి ఈ చివరిదాకా వెతికి చూసింది.

"నన్ను యాడ పెట్టినవ్ బిడ్డా?"

"మందిరం కదత్తా... అమ్మ ఒక్కతే ఉంటే..."

"గట్లనా. మరి మీ అమ్మ మొఖం మీద గీ నీడ ఏంది? ఎండ కొడుతదని నేను కొంగు పట్టుకొని నిలవడితి గద!"

నిజమే. నీడను ఉన్నది ఉన్నట్టు దించాను. అది ఎవరి కొంగుదో చూడలేదు. పొరుగువాళ్ళను ప్రేమించమని ఏళ్ళ తరబడి సండేస్కూలు పిల్లలకు చెప్పినవాణ్ణి.

"ఒక్కరోజు వచ్చి కూర్చో అత్తా, నిన్నూ గీస్తా."

"గిప్పటి మొఖమా? అప్పుడు నాకు నోటినిండ పండ్లుండె" అని బోసినోటితో నవ్వింది అత్త.

అమ్మ నవ్వలేదు. "ఫొటో మీద గూడ రంగు పూస్తివి. ఇగ ఆమె ఏం జూసుకోవాలెరా?" అంది.

ఇంటికి వచ్చి టర్పెంటైన్‌తో ఆ తెల్లరంగు తుడిచాను. రంగుతో పాటు దాని కింద ఉన్న అత్త ముఖం కూడా లేచి వచ్చింది.

ఇప్పుడు అమ్మ చెబుతుంటే అత్త అప్పటి ముఖం గీస్తున్నాను. కొంగు కుదిరింది. ముక్కు కుదిరిందని అమ్మ ఒప్పుకుంది. నవ్వు దగ్గర మాత్రం, "ఆమె గిట్ల నవ్వదురా" అంటూ ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతుంది. అత్తకు ఈ మధ్య చూపు తగ్గుతోంది. ఇది చదివే మీరు ఒక్క నిమిషం తల వంచండి. ఆమె చూడగలిగినప్పుడే ఆ ముఖం నా చేతికి దొరకాలని నాతోపాటు ప్రార్థించండి.