సాంచాలు ఆగిన నాడు

మొన్న జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దమనిషి ఫోనులో మనవరాలిని ముద్దు చేస్తున్నాడు. ముద్దే, కానీ బస్టాండు మొత్తానికీ వినబడుతోంది. ఫోను పెట్టగానే, "మీది సిరిసిల్లనా?" అని అడిగాను. "అవ్ చెల్లె, నీకెట్ల ఎర్కైంది?" అని అదే గొంతుతో ఆశ్చర్యపోయాడు. ఎట్లా తెలియకుండా పోతుంది! నా పుట్టిల్లూ అక్కడే కదా.

మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. పొద్దున అవి మొదలయ్యాయంటే వీధంతా టకటకే. ఇంట్లో ఇంత ఉప్పు కావాలన్నా అరవాల్సిందే. కోరుట్లకు కొత్తకోడలిగా వచ్చినప్పుడు నేను మంచినీళ్లు కావాలా అని అడిగితే, కొట్లాటకు వచ్చాననుకుని మా అత్తగారు జడుసుకుంది. అలాంటి మా పుట్టింట్లో మెల్లగా మాట్లాడేది ఒక్కతే, మా అన్న కూతురు. మా అన్న సాంచాలు నడిపేవాడు. ఇంటికొచ్చాక పిలిస్తే ఒకసారి పలికేవాడు, ఒకసారి గోడలా కూర్చునేవాడు. పొగరనేవాళ్లు చుట్టాలు. నాకైతే ఒళ్లు మండేది.

పిల్ల డిగ్రీ అయ్యాక లండన్‌లో చెవుల వైద్యానికి సంబంధించిన చదువుకు సీటు సంపాదించింది, ఫీజుకు స్కాలర్‌షిప్పు కూడా. వదినతో, నాతో చెప్పింది గానీ తండ్రితో చెప్పడానికి వణుకు. నేను పుట్టింటికి వెళ్లిన ఒక సాయంత్రం ఆయన వాకిట్లో అటు తిరిగి బీడీ తాగుతుంటే, వెనక నిలబడి, "బాపూ, నేను పోనా?" అంది. దర్వాజ దగ్గరున్న నాకు వినబడింది. అన్న వెనక్కి తిరగలేదు. బీడీ అయిపోయేదాకా తాగి, లేచి సాంచాల షెడ్డుకు వెళ్లిపోయాడు. పిల్ల నా ఒళ్లో పడి ఏడ్చింది. "పోతే పో అని గూడ అనకపాయె అత్తా!" అంది. అలాగే వెళ్లిపోయింది. అక్కడినుంచి ఫోను వస్తే, చేతికిచ్చినా అన్న దాన్ని వెంటనే వదిన చేతిలో పెట్టేవాడు. ఇంకా కోపం పోలేదనుకున్నాం.

చదువయ్యాక హైదరాబాదులో ఏసీ గది, చెవి మిషన్ల వ్యాపారం, ఇదీ పిల్ల లెక్క. కానీ లండన్ చదువులో ఉండగానే ఒకరోజు వాళ్ల కాలేజీ మేడమ్ బట్టల మిల్లుకు తీసుకుపోయిందట. లోపల అడుగు పెట్టకముందే అందరి చెవులకూ మూతలు పెట్టించిందట. వినికిడి పోవడం తలరాత కాదు, పనిలో తగిలే దెబ్బ, అది తగలకుండా చూడాల్సింది పని చేయించేవాళ్లు అందట. "అత్తా, మన గల్లీ గల్లీ యాదికొచ్చింది" అని నాతో చెప్పింది. గల్లీ గుర్తొచ్చింది, తండ్రి మాత్రం తట్టలేదు. కోపం అంత పని చేస్తుంది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, బస్సులు ఎప్పుడు నడుస్తాయో తెలియనప్పుడు, వినికిడి పరీక్షించే పెట్టె ఒకటి పట్టుకుని పిల్ల సిరిసిల్లలో దిగింది. ఇంట్లో అందరి చెవులూ పరీక్ష చేస్తానంది. నిశ్శబ్దం కావాలంది. సిరిసిల్లలో నిశ్శబ్దమా! దాన్ని చూడ్డానికి వెళ్లిన నేనూ, వదినా నవ్వాం. మర్నాడు బందు. సాంచాలన్నీ ఆగిపోయాయి. మా ఇంట్లో గడియారం చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

వరసగా కూర్చోబెట్టి, చెవులకు తొడుగు పెట్టి, చప్పుడు వినబడగానే వేలెత్తమంది. అన్న వంతు వచ్చింది. వేలు లేవలేదు. "అగో, మొండికేసిండు" అని వదిన నవ్వింది. పిల్ల చప్పుడు పెంచింది. మళ్లీ పెంచింది. చివరికి ఆ కూత తొడుగులోంచి బయటికొచ్చి, దూరంగా కూర్చున్న నాకే వినబడింది. అన్న బుద్ధిగా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కూతురి ముఖంలోకి చూస్తూ, "ఇగ షురూ జెయ్యి బిడ్డా" అన్నాడు.

వదిన నవ్వు నోట్లోనే ఉండిపోయింది. షెడ్డులో చప్పుడుకు మాట వినబడదు కనక అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ ఆయన మా పెదవులే చూస్తున్నాడని, అటు తిరిగితే ఆయనకు మేం లేనట్టేనని ఇంతమందిమి కనిపెట్టలేకపోయాం. ఓరి దేవుడా!

పిల్ల తొడుగు తీసింది. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "నేను పోనా అని అడిగిన్నాడు ఎందుకు మాట్లాడలే బాపూ?" అంది.

అన్న ఆమె నోటివంకే చూశాడు. "ఎప్పుడడిగినవ్ బిడ్డా?" అన్నాడు. "మీ అమ్మకు జెప్పినవ్, అత్తకు జెప్పినవ్. నాకొక్కనికే జెప్పకుంట పోయినవనుకున్న" అన్నాడు.

హైదరాబాదు ఆలోచన ఆ పూటతోనే పోయింది. సిరిసిల్లలోనే గది తీసుకుంది. షెడ్డు షెడ్డుకూ తిరిగి చెవులకు మూతలు పెట్టుకొమ్మని చెబుతుంది, యజమానులతో పోట్లాడుతుంది. మా మెల్లగొంతు పిల్ల ఇప్పుడు మా అందరికంటే గట్టిగా అరుస్తుంది. అన్నకు మిషన్ పెట్టింది. వెనకనుంచి పిలిచినా పలుకుతాడు. రాష్ట్రం వచ్చింది, పిల్లా వచ్చింది. ఒకరు అలిగారని ఇంకొకరు అనుకుంటూ ఆ తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోకుండా గడిపిన ఏళ్లు మాత్రం, ఎంత తలుచుకున్నా వెనక్కి రావు.