ఎర్త్ వైరు మీద పసుపు

కిడ్నీలు పాడైన మా బాపుకి వారానికి రెండుసార్లు రక్తం కడిగించాలి. బోధన్ పక్కనున్న మా ఊరి నుంచి నిజామాబాద్ ఆసుపత్రికి పొద్దున ఎనిమిదింటికల్లా చేరకపోతే ఆయన మిషన్ దగ్గర ఇంకొకరిని పడుకోబెడతారు. చేర్చేది మా పాత కారే. ఏడో తరగతిలో బడి మానేసినందుకు, మిగిలిన చదువంతా ఆ బండే నా చేత చదివించింది.

ఆరోజు తాళం తిప్పితే టక్ అని ఊరుకుంది. బాపు అప్పటికే వెనక సీట్లో వాచిన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"ఏందిరా, లేస్తలేదా?"

"నీ లెక్కనే బాపు. లేపితే మూలుగుతుంది."

నవ్వాడు.

లైట్లు వెలుగుతున్నాయి. హారన్ కొడితే అరుగు కింది కుక్క ఉలిక్కిపడి లేచింది. తాళం తిప్పినప్పుడు మాత్రం లైట్లు కూడా గుడ్డివవుతున్నాయి. బ్యాటరీదే తప్పనుకుని పక్కింటన్న ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి కలిపాను. అదే టక్. కిందికి దూరి స్టార్టర్‌ని పానాతో నాలుగు తగిలించాను. అదే టక్. నూకి లేపుదామంటే ఇంటి ముందంతా ఎక్కుడు దారి, తోసేందుకు ఉన్నది ఇద్దరం.

"ఆటో పిలుస్త తమ్మీ. పెద్దాయనకు యాళ్లయితున్నది," అన్నాడు అన్న.

"ఐదు నిమిషాలాగన్నా. దీని సంగతి నాకెరుక."

అలాంటి ఐదు నిమిషాలు ఎన్ని పోయాయో లెక్కలేదు.

చివరికి బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు మీద చెయ్యి పడింది. బోల్టు చుట్టూ ఎండిన పసుపు, కుంకుమ అట్టగట్టి ఉన్నాయి. దసరాకి అందరూ స్టీరింగుకీ బానెట్‌కీ పసుపు పూస్తారు. మా బాపు బానెట్ ఎత్తించి, "పానమంత ఈడనే ఉంటది గదరా," అంటూ లోపల కూడా పూసి, కొబ్బరినీళ్లు పోస్తాడు. ఏటేటా పోసిన నీళ్లకి లోపల చిలుము పట్టి కరెంటు దారి మూసుకుపోయింది. గీకి, బోల్టు బిగించాను. ఒక్క తిప్పుకే బండి అందుకుంది.

"దొరికింది బాపు! నీ పూజతోనే దీని కిడ్నీలు ఖరాబైనయ్!"

ఈసారి బాపు నవ్వలేదు. అన్న కూడా నవ్వలేదు.

మేం చేరేసరికి తొమ్మిది దాటింది. మిషన్ మీద ఎవరో ఉన్నారు. "ఇయ్యాల ఖాళీ లేదు. రేపు పొద్దుగాల రాండ్రి," అంది సిస్టర్. టైముకి తీసుకురావాలని తెలియదా అని నన్ను గట్టిగానే కేకలేసింది.

బాపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. "వాన్నేమనకు బిడ్డా. తప్పు నాదే. బండికి పసుపెక్కువ పెట్టిన."

ఆమెకేం అర్థం కాలేదు. ఆటో వద్దని ఆపింది నేనేనని అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండానే బాపుని బండి దగ్గరికి నడిపించాను. తిరిగి వచ్చేటప్పుడు దారంతా బాపు వెనక్కి ఆనుకోలేకపోయాడు. ఒంట్లో నీరు దిగలేదు కదా, ఆనుకుంటే ఊపిరాడదు. నా సీటు రెండు చేతులా పట్టుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు. ఆ ఆయాసం నా మెడ మీద తగులుతూనే ఉంది.