అసలు నాణెం, జిరాక్స్ నాణెం

జూలై పన్నెండవ తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. శంషాబాద్ దగ్గర మంఖాల్‌లోని మా ఇంట్లో బీరువా తెరిచి నిలబడి ఉన్నాను. చేతిలోంచి ఒక నాణెం జారి షాబాద్ బండల మీద పడింది. ఖంగుమని మోగి, అంచు మీద నిలిచి, గిర్రున తిరుగుతూ మంచం కిందికి వెళ్లిపోయింది. దానితోపాటే జారిన మరో వస్తువు ఏ చప్పుడూ లేకుండా నా పాదాల దగ్గర వాలింది. అది ఆ నాణేనికే నేను తీయించి, లామినేషన్ చేయించిన రంగుల ఫోటో. మంచం కింద నాణెం తిరగడం ఆగేవరకు ఆ మోత వింటూ నిలబడ్డాను. అది రాజ్యలక్ష్మి మేడమ్ చేయించిన నాణెం. ఆమె కన్నుమూసి అప్పటికి ఏడాది దాటింది. మరికాసేపట్లో మా చేనికి ఒక అతిథి రాబోతున్నారు. ఈ రెండింటిలో ఏది ఆయన చేతిలో పెట్టాలో నేను ఇంకా తేల్చుకోలేదు.

రాజ్యలక్ష్మి మేడమ్‌ను మీరు చూసి ఉండరు కనుక ముందుగా ఆమెను పరిచయం చేయాలి. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర విమానాల్లో సరుకు పంపే ఒక సంస్థలో ఆమె పత్రాల విభాగానికి అధికారి. నా మొదటి అధికారి కూడా. రాజమండ్రి ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ చేసిన నేత చీర, దాని కింద పరుగు పందెంలో వేసుకునే బూట్లు, చేతిలో ఏ కాలంలోనైనా ఒక గొడుగు. ఆ బూట్లు చూసి మొదటి రోజు నాకు నవ్వు వచ్చింది. సెలవు రోజుల్లో ఆమె రాళ్లగుట్టలు ఎక్కుతారని, ఆ గొడుగు ముళ్లకంపలు పక్కకు తొలగించడానికని తరువాత తెలిసింది.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పట్టా చేతికి వచ్చిన నాడు మా బాపు దాన్ని కండువాలో చుట్టి శంషాబాద్ తీసుకువెళ్లి, మందమైన ప్లాస్టిక్‌తో లామినేషన్ చేయించుకొచ్చాడు. "ఇగ వాన తడ్పదు, ఎలుక కొరకదు" అని గోడకు ఆనించి, దూరం నుంచి చూసి మురిసిపోయాడు. కాగితం, ముద్ర పరీక్షించడానికి వీలుండదు కనుక పట్టాకు లామినేషన్ చేయించరాదన్న సంగతి మా ఇంట్లో ఎవరికి తెలుసు? ఉద్యోగంలో చేరిన రోజున మేడమ్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, అటూ ఇటూ వంచబోయి, వంగకపోయేసరికి బల్ల మీద పెట్టారు.

"నీ డిగ్రీకి ఊపిరాడటం లేదమ్మా, పాపం" అన్నారు.

"మా బాపు చేయించిండు, మేడమ్" అన్నాను. సిగ్గుతో నా ఊరి మాట నా నోట వచ్చేసింది.

"మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఇంత ప్రేమగా నాకెవ్వరూ ఏదీ చేయించలేదు. యూనివర్సిటీకి నేను రాసి ధ్రువీకరణ తెప్పిస్తాలే."

అన్నట్టుగానే తెప్పించారు. ఆ రోజు ఇంటికి వెళ్లి నమస్కారం మాత్రమే చెప్పాను. ఊపిరాడని సంగతి చెప్పలేదు.

బాపు నాకు మరొక సూత్రం కూడా నేర్పాడు. మా చిన్నాయన కొడుకు సర్టిఫికెట్లు ఒక కాలేజీలో చిక్కుకుని, అవి తెచ్చుకోవడానికి ఇంటిల్లిపాదీ పరేషాన్ అయ్యారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే మాట. "ఒరిజినల్ ఎవ్వరి చేతికియ్యకు బిడ్డా, జిరాక్స్ ఇయ్యి." ఈ సూత్రాన్ని నేను ఆఫీసుకు కూడా మోసుకెళ్లాను. విమానంలో సరుకు పంపేటప్పుడు, అవతల దాన్ని అందుకునేవారి కోసం ఒక అసలు పత్రం సరుకుతోపాటే వెళ్లాలి. నకలు మన దస్త్రంలో ఉండాలి. మొదటి వారంలో ఒక సాయంత్రం నేను ఎంతో జాగ్రత్తగా అసలు పత్రాన్ని దస్త్రంలో భద్రపరిచి, జిరాక్స్‌ను సంచిలో పెట్టాను. సంచి మూయకముందే మేడమ్ చూశారు.

"ఇదేమిటమ్మా? అసలుని ఇంట్లో కూర్చోబెట్టి, నకలుని విమానం ఎక్కిస్తున్నావు?"

"అసలుది పోతే మళ్లీ రాదు కదా, మేడమ్."

ఆమె కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "అవతల పెట్టె విప్పేవాడికి నువ్వెవరో తెలియదు, నేనెవరో తెలియదు. వాడికి అసలుదే కావాలి. మనకు అన్నీ తెలుసు కదా, మనకు నకలు చాలు." ఆ మాట ఆ రోజు నాకు పత్రాల గురించిన పాఠంగానే అర్థమైంది.

ఇక ఆ నాణేల సంగతి. ప్రపంచమంతటా కొందరు ఒక ఆట ఆడుతుంటారు. చిన్న డబ్బా ఒకటి ఏ రాళ్ల సందులోనో దాచి, అది ఉన్న చోటును ఇంటర్నెట్‌లో పెడతారు. ఇంకెవరో ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, డబ్బా దొరికితే అందులోని కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే దాచి వెళ్తారు. కొన్ని డబ్బాల్లో జియోకాయిన్ అనే లోహపు నాణెం ఉంటుంది. దాని మీద ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. దొరికినవారు దాన్ని తీసుకువెళ్లి మరో ఊళ్లోని డబ్బాలో వేసి, ఆ సంఖ్య పేరిట సైట్‌లో రాస్తారు. అలా నాణెం దేశాలు తిరుగుతుంది, యజమాని ఇంట్లో కూర్చుని దాని ప్రయాణం చదువుకుంటారు. చిక్కేమిటంటే, నాణేలు అందంగా ఉంటాయి కనుక ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు జేబులో వేసుకుంటారు. అందుకని చాలామంది అసలు నాణేన్ని ఇంట్లో దాచుకుని, అదే సంఖ్య వేసిన ఫోటోనో బిళ్లనో దాని బదులు పంపుతారు. మేడమ్ మాత్రం ఎప్పుడూ అసలుదే విడిచేవారు. ఆమె విడిచిన మొట్టమొదటి నాణెం మొట్టమొదటి డబ్బాలోనే మాయమైందట. "ఏ పిల్లాడి జేబులోనో గోళీలతో కలిసి ఉండి ఉంటుంది. తలుచుకుంటే హాయిగా ఉంటుంది నాకు" అనేవారు.

విమానాలు మారే ప్రయాణికులు, విమాన సిబ్బంది వెతుక్కోగల దూరంలో ఒక డబ్బా పెట్టాలన్నది ఆమె కోరిక. ఎయిర్‌పోర్టు గోడ దగ్గర పెడదామా అని నేను అమాయకంగా అడిగితే, "అక్కడ పెడితే వెతికేది ఆటగాళ్లు కాదమ్మా, పోలీసులు" అన్నారు. అలా ఒక ఆదివారం గొడుగు పట్టుకుని మంఖాల్ వచ్చారు. మా చేను గట్టున ఒకదాని మీద ఒకటి నిలబడిన మూడు పెద్ద రాళ్లున్నాయి. వాటి సందులో డబ్బా పెట్టుకుంటానని బాపును అడిగారు.

"ఏంది మేడమ్, గీ డబ్బా కోసం దేశం కాని దేశం నుంచి మనుషులొస్తరా?"

"వస్తారండి."

"వచ్చి ఏం తీస్కపోతరు?"

"ఏమీ లేదండి. పేరు రాసి వెళ్తారు."

బాపు రాళ్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "గంతేనా? అయితె పెట్టుండ్రి. రాళ్లు ఉత్తగనే ఉన్నయి."

ఆ తరువాత వచ్చిన ప్రతి అతిథికీ బాపు జామకాయలు కోసిచ్చాడు. వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పూర్తి తెలుగులో చేను మొత్తం చూపించాడు.

పదవీ విరమణకు ముందు మేడమ్ తానే బొమ్మ గీసి కొన్ని నాణేలు చేయించి, మా విభాగంలో తలా ఒకటి ఇచ్చారు. ఒక వైపు మా చేని రాళ్లు, రెండో వైపు సంఖ్య, దాని కింద తెలుగు అక్షరాల్లో "నన్ను ముందుకు పంపండి." నాది నాకు మా చేనులోనే ఇచ్చారు, మా అమ్మ వండిన నాటుకోడి కూర తిన్న తరువాత. విడవాలా, నకలు పంపాలా అని అక్కడే పంచాయితీ మొదలైంది.

"దాసుకోవాలె" అంది అమ్మ. "పెండ్లిళ్లకు నేను ఏస్కపోయేది వన్ గ్రామ్ గోల్డే. అసలుది బ్యాంకుల ఉంటది. ఎవ్వరన్న అడిగిన్రా?"

"నేను అడగబోయానండి వదినగారూ, మొహమాటపడి ఊరుకున్నాను" అన్నారు మేడమ్.

అమ్మ తగ్గలేదు. "గుళ్లె మూలవిరాట్టు ఊరేగింపుకొస్తదా? లోపల్నే ఉంటది. ఊరు తిరిగేది ఉత్సవ విగ్రహం. దానికి మొక్కుతలేమా?"

మేడమ్ చేయి కడుక్కుంటూ ఆగిపోయారు. "ఈ మాటకు నా దగ్గర జవాబు లేదండీ" అని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.

జవాబు బాపు ఇచ్చాడు. "బాలాపూర్ గణపతి లడ్డు వేలంల పాడుకున్నోడు బీరువల పెట్టుకుంటడా? చుట్టాలకు పంచుతడు, చేన్ల చల్లుతడు. దాస్తె చీమలు తింటయి."

"నాణేనికి చీమలు పడ్తయా?" అంది అమ్మ. "అయినా నీ చేన్ల ఏ లడ్డు చల్లినా మొలిచేది గడ్డే."

జిరాక్స్ సూత్రం నేర్పిన బాపే ఇలా మాట్లాడటం చూసి నేను తెల్లబోయాను. అడిగితే, "సర్టిఫికెట్ నీది. గిది ఊర్లు తిరగనీకి చేసింది గదా" అన్నాడు. మేడమ్ ఎవరి పక్షమూ పట్టలేదు. "రెండూ తప్పు కాదమ్మా. నాణెం నీది, నువ్వే తేల్చుకో" అన్నారు. రాజమండ్రిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాక కూడా ఫోను చేసినప్పుడల్లా "వదిలావా?" అని అడిగేవారు. "ఇంకా లేదు, మేడమ్" అంటే, "సరేలే, తొందరేముంది" అని నవ్వేవారు.

ఆమె పోయాక తొందర అన్న మాటే లేకుండా పోయింది. మా విభాగంలోని మిగతావారు అప్పటికే తమ నాణేలు విడిచారు. వాటిలో ఒక్కదాని జాడా మిగల్లేదు. ఎక్కడుందో తెలిసిన నాణెం నా ఒక్కదానిదే. అది కూడా పోతే, ఆమె చేతి గీత మాకెవరికీ మిగలదు. అందుకే ఫోటో తీయించి, బాపు వెళ్లిన దుకాణంలోనే లామినేషన్ చేయించి, రాళ్ల సందు డబ్బాలో ఆ నకలు పెట్టాను. వచ్చినవారు పేరు రాశారు, జామకాయలు తిన్నారు, నకలును చూసి అక్కడే ఉంచి వెళ్లారు. ఒక వర్షాకాలమంతా అది కదలలేదు. చివరికి దాన్ని ఇంటికి తెచ్చి, తుడిచి, నేనే ఎవరి చేతికైనా ఇద్దామని బీరువాలో పెట్టాను. ఇంతలో ఒక విదేశీ పైలట్ సైట్‌లో నాకు రాశారు, ఆదివారం ఉదయం డబ్బా చూడటానికి వస్తున్నానని, ముందుకు తీసుకువెళ్లడానికి ఏదైనా ఉంటే సంతోషమని.

ఆయన వచ్చేసరికి సన్నని తుంపర పడుతోంది. నెరిసిన జుట్టు, బురద అంటిన బూట్లు. ఆ బూట్లు చూడగానే నాకు మేడమ్ గుర్తొచ్చారు. అయినా నా చేయి అలవాటు కొద్దీ నకలునే అందించింది. ఆయన మర్యాదగా అటూ ఇటూ తిప్పి చూసి, ధన్యవాదాలు చెప్పి, చొక్కా జేబులో పెట్టుకోబోయారు. అప్పుడు బాపు జామకాయలు తెస్తూ, ఆయనకు అర్థమవుతుందో లేదో అన్న చింత లేకుండా గట్టిగా అన్నాడు:

"గది జిరాక్స్, సారూ! అసలుది గీమె కాడున్నది!"

జిరాక్స్ అన్న మాట ఏ దేశంవారికి అర్థం కాదు? ఆయన ఫోటోను చూశారు, నన్ను చూశారు, పగలబడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. పొద్దున మంచం కింది నుంచి తీసి కొంగున ముడేసుకున్న నాణేన్ని విప్పి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన నవ్వు ఆపి దాని బరువు చూశారు. బొటనవేలితో మెల్లగా గీతలు తడిమారు. తలెత్తి గట్టు వైపు చూసి, "ఇవేనా ఆ రాళ్లు?" అని ఇంగ్లీషులో అడిగారు. అవునన్నాను. వెనక్కి తిప్పి, ఆ అక్షరాలు ఏమంటున్నాయని అడిగారు, చెప్పాను. ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్నను నకలు చేతిలో ఉన్నంతసేపూ అడగలేదు: "దీన్ని చేయించినది ఎవరు? ఎలాంటి మనిషి?"

తుంపర ఆగేవరకు నేను చెబుతూనే ఉన్నాను. గొడుగు గురించి, బూట్ల గురించి, ఊపిరాడని నా డిగ్రీ గురించి. ఏం చెబుతున్నానో మధ్యలో బాపుకు తెలుగులో చెప్పబోతే, ఇన్నాళ్లూ దాచిన ఆ మాట కూడా తెలిసిపోయింది. "ఏందే, ఊపిరాడలేదా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. చెప్పడం పూర్తయ్యాక నాణెం తిరిగి అడగాలని నాకు తోచలేదు. మేడమ్‌ను ఎరిగిన నాకు ఆ నాణెం ఫోటో చాలు. ఎరగని మనిషి చేతికి అసలుదే వెళ్లాలి. పత్రాల సంచి దగ్గర ఆమె చెప్పిన మాటను చేను గట్టున నేను రెండోసారి నేర్చుకున్నాను. ఆయన చేతిలోని నకలును వెనక్కి తీసుకున్నాను, అంతే.

నాణెం ఇస్తాంబుల్‌లోని ఒక డబ్బాకు చేరినట్టు ఆయన సైట్‌లో రాశారు. ఆపైన ఎక్కడో కొండల్లోని ఒక బడి పంతులమ్మ దాన్ని పట్టుకుని దిగిన ఫోటో పెట్టారు. వెనకాల నల్లబల్ల మీద, బొమ్మ గీసినట్టు గీసిన మన అక్షరాలు, "నన్ను ముందుకు పంపండి." వంకరగా ఉన్నాయి, కానీ చదవవచ్చు. ఆ తరువాత దాని జాడ లేదు.

ఇప్పుడు నాణెం నా దగ్గర లేదు. మా ఇంట్లో గోడ మీద, ఊపిరాడని నా డిగ్రీ పక్కన, దాని జిరాక్స్ వేలాడుతోంది. ఆ నాణెం ఎవరిదని అడిగినవారికి నేను కుర్చీ వేసి, గొడుగు దగ్గర మొదలుపెడతాను.