పిన్నిగారి వాగుడు లైను

ఆఫీసులో అందరూ ఆవిడని పిన్నిగారు అంటారు. టీమ్ లీడరుతో సహా అందరూ ఆవిడ కూతురి కంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళే, ఇంకేమంటారు మరి? పిల్ల పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగం, ఆ పిల్ల కాలేజీకి వెళ్ళాక మళ్ళీ వెతుక్కుంది. ఎక్కే గుమ్మం దిగే గుమ్మం అయ్యాక ఈ చిన్న కంపెనీ వాళ్ళు సరే, కొన్నాళ్ళు చూస్తామన్నారు. ఆ కొన్నాళ్ళూ ఈ వారంతో అయిపోతాయి. "ఇది కూడా పోతే ఇక నన్నెవరూ పిలవరండీ," అని మొగుడి దగ్గర రోజూ ఒకటే గొడవ.

ప్రోగ్రాములు తాము చేసేదంతా ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటాయి కదా, దాన్ని లాగ్ అంటారు. ఆ రాసే సామాను తయారు చేసి అమ్మడమే ఈ కంపెనీ వ్యాపారం. ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి అన్నవి సెట్టింగుల ఫైల్లో ఉంటాయి. ప్రోగ్రాం ఒక సెట్టింగు పేరు చెప్పి అడిగితే, ఆ పేరుకి ఎదురుగా ఉన్న విలువ వెతికి తెచ్చివ్వాలి. ఆ వెతికే ముక్క పిన్నిగారిది. ఫైళ్ళు రెండు మూడు చోట్ల ఉండొచ్చు. ముందు ఎక్కడ దొరికితే అదే ఖాయం.

పాత కోడు నోరు మూసుకుని తెచ్చిచ్చేది. ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఆ దేవుడికే ఎరుక. పిన్నిగారు ఊరుకుంటుందా? ప్రోగ్రాం మొదలవగానే స్క్రీను మీద ఒక లైను పడేట్టు రాసింది: ఫలానా విలువ, ఫలానా ఫైల్లోంచి తీసుకున్నాను అని.

"ఇంత వాగుడెందుకు పిన్నిగారూ?" అన్నాడు లీడరు.

"మా ఆయన్ని కళ్ళజోడు తెమ్మంటే గుమ్మంలోనే నిలబడి 'లేదోయ్' అంటారు బాబూ. ఎక్కడెక్కడ చూశారంటే నీళ్ళు నములుతారు. అందుకని."

అతను నవ్వేసి వదిలేశాడు. దానికి మాత్రం వాగుడు లైనని పేరు పడిపోయింది. చదివిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు.

సరిగ్గా ఈ వారమే, సరుకులు చేరవేసే కంపెనీ ఒకటి ఫోన్ చేసింది. కొత్త వెర్షన్ పెట్టినప్పట్నుంచీ లాగ్‌లో ఒక్క ముక్క పడట్లేదట. ఏ బండి ఎక్కడ ఆగిందో తెలీక చస్తున్నారట. స్క్రీను ఫొటో, తమ సెట్టింగుల ఫైలూ పంపారు. "వాళ్ళే ఏదో కెలికి ఉంటారు," అని లీడరు ఫోను స్పీకర్లో పెట్టి, చకచకా జవాబు టైపు చేయసాగాడు.

పిన్నిగారు ఫొటోలో తన వాగుడు లైను చూసింది. విలువ: ఏమీ రాయకు. తీసుకున్నది వాళ్ళ ఫైల్లోంచి కాదు, తమ కంపెనీ పంపిన ప్యాకేజీలో ఉన్న ఇంకో ఫైల్లోంచి! ప్రోగ్రాముని పరీక్షించేటప్పుడు స్క్రీను మీద గోల భరించలేక తను చేసుకున్న ఫైలది. తీసెయ్యడం మర్చిపోయింది. అది వెర్షన్‌తో పాటు దర్జాగా బయల్దేరి వెళ్ళి, వాళ్ళ ఫైలు కంటే ముందు దొరికేస్తోంది.

ఇంకెవరూ చూడలేదు. గుట్టుచప్పుడు కాకుండా తీసేసి, మరో వెర్షన్ పంపితే సరి. తప్పు వాళ్ళ నెత్తిన పడుతుంది, ఉద్యోగం దక్కుతుంది. ఎంత ఆశ పుట్టిందో! చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది కూడా. ఫోన్లో ఆ సరుకుల కంపెనీ అమ్మాయి ఏడుపు గొంతుతో అంటోంది: "నేనేం ముట్టుకోలేదండీ. ఇక్కడ నా మాట ఎవరూ నమ్మట్లేదు."

"బాబూ, ఆ మెయిలు ఆపు," అంది పిన్నిగారు. "తప్పు వాళ్ళది కాదు, నాది. ఆ మొదటి లైను చదువు."

చదివాడు. అతని మొహం పాలిపోయింది. పిన్నిగారు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి, ఫైలు తీసేసి మరో వెర్షన్ పంపేలోపే మేనేజరు పిలిచారు. ఉద్యోగం ఇప్పుడే ఖాయం చెయ్యరట, ఇంకో మూడు నెలలు చూస్తారట. ఏడుపు తన్నుకొచ్చింది పాపం. మొహం కడుక్కుని, పోన్లే, వెళ్ళగొట్టలేదు కదా అనుకుంటూ వచ్చి సీట్లో కూర్చుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక లీడరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"పోయినేడు నేనూ ఇలాగే ఒక కస్టమరు మీదికి తోసేశానండీ. తప్పు నాదే. అక్కడ ఒకాయన ఉద్యోగం పోయింది. ఇప్పుడేం చెయ్యను పిన్నిగారూ?"

ఆవిడ టేబుల్ మీది ఫోను తీసి అతని ముందు పెట్టింది.

"ఆయన నంబరుందా?"